డిస్కు ఎందుకు నత్తనడక నడిచింది?

పిల్లలూ, ఈ నెల వచ్చిన ఉత్తరాలన్నిటిలోకీ ఒకదాన్ని పైకి తీసి పెట్టాను. కడియపులంకనుంచి ఏడో తరగతి చదివే అమ్మాయి రాసింది. ఉత్తరం చిన్నదే.

"తాతయ్యగారూ, మాకు మొక్కల నర్సరీ వున్నది. మా ఆఫీసులో ఆరు కంప్యూటర్లున్నాయి. మొక్కల ఫొటోలూ, బిల్లులూ, లెక్కలూ అన్నీ ఒక పెట్టెలో దాస్తారు. దాన్ని సర్వరు అంటారు. ఆరుగురూ అందులోనుంచే తీసుకోవాలి. పొద్దునపూట ఒక ఫొటో తెరవమని చెప్పి నేను జడ వేసుకుని రావచ్చు, అప్పటికి సగం కనిపిస్తుంది. నాన్నగారు కొత్త సర్వరు కొంటామంటున్నారు. చాలా ఖరీదట. పాతది ఎందుకు మెల్లగా నడుస్తున్నదో తెలుసుకోకుండా కొత్తది కొంటే, అదీ మెల్లగా నడిస్తే ఏం చేస్తాం?"

ఆ చివరి ప్రశ్న నాకు ఎంతో నచ్చింది. అటువంటి ప్రశ్న పెద్దవాళ్ళు కూడా తరచు అడగరు. రాజమండ్రినుంచి కడియం ఎంత దూరం గనక? ఒకనాడు పొద్దున్నే బయలుదేరాను.

ఆ దారి చూసినవాళ్ళకు వేరే చెప్పనక్కరలేదు. రోడ్డు పక్కనా, కాలువ గట్టు పొడుగునా మొక్కలే మొక్కలు. అక్కడినుంచి లారీలలో ఎక్కడెక్కడి రాష్ట్రాలకో పోతాయి. ఇప్పుడు బేరగాళ్ళు ముందుగా వచ్చి చూడరు. "ఫలానా మొక్క ఎంత ఎత్తున వున్నదో ఫొటో పంపండి" అంటారు. పది నిమిషాలలో ఫొటో పోకపోతే ఆ బేరం ఇంకో నర్సరీకి పోతుంది. కనక ఇది ఒక ఫొటో ఆలస్యంగా కనబడటం కాదు. ఒక లారీ బేరం పోవటమన్నమాట.

సర్వరు అంటే ఏదో మహాయంత్రం అనుకోకండి. కొబ్బరిపొట్టు సంచుల పక్కన, బల్ల కింద, మామూలు కంప్యూటరు పెట్టె. అందులో ఒక హార్డు డిస్కు.

అమ్మాయి తండ్రి మంచి మర్యాదస్థుడు. "ఆయ్, రండి మాస్టారూ! పదేళ్ళ లెక్కలూ ఫొటోలూ అన్నీ ఇందులోనేనండి. ఇది పోతే మేం పోయినట్టేనండి" అన్నాడు.

"మరి నకలు వున్నదా?" అని అడిగాను.

"ఎందుకు లేదండి! రోజూ దానంతటదే నకలు తీసుకుంటుందండి."

ఈ నకలు సంగతి తరవాత వస్తుంది. మరిచిపోకండి.

డిస్కు లోపల ఏమున్నదో ముందు తెలుసుకుందాం. అద్దంలా మెరిసే గుండ్రని పళ్ళేలు ఒకదానిపైన ఒకటి వుంటాయి. వాటికి అయస్కాంతపు పూత వుంటుంది. మన ఫొటోలూ లెక్కలూ ఆ పూతలో గుర్తులుగా వుంటాయి. పళ్ళేలు గిర్రున తిరుగుతూంటే వాటిమీద ఒక చేయి అటూ ఇటూ జరుగుతూ ఆ గుర్తులను చదువుతుంది. చేతి కొస పళ్ళేన్ని తాకదు, గాలి పొర మీద తేలుతుంది. ఆ ఎడం తల వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా వుండదు! అందుకే నడుస్తున్న డిస్కును కుదపగూడదు, ఎత్తి ఇంకోచోట పెట్టగూడదు.

ఇది కొత్త సంగతి కాదు. మన ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956లోనే అమెరికాలో ఐబీఎం కంపెనీవారు మొట్టమొదటి హార్డు డిస్కును బయటపెట్టారు. దానికి 24 అంగుళాల వెడల్పున్న పళ్ళేలు 50. బరువు ఒక టన్ను దాకా వుండేది. ఇంతా చేసి అందులో పట్టినది 50 లక్షల అక్షరాలు. అంటే ఇప్పటి సెల్‌ఫోనుతో తీసే ఒకటో రెండో ఫొటోలు! ఆ పళ్ళేలన్నిటికీ కలిపి ఒకటే చేయి. అది కిందికీ పైకీ పరుగెత్తి, కావలసిన చోటు వెతికి పట్టుకోవటానికి సగటున అర సెకనుకు పైగా పట్టేది. చేయి పరుగు డిస్కుకు పుట్టుకతో వచ్చిన బెడద.

ఇప్పటి డిస్కు ఎంత తొందరగా వెళుతుంది? లెక్క వేద్దాం, ఐదో తరగతి లెక్కే. కడియపులంక డిస్కు నిమిషానికి 7200 చుట్లు తిరుగుతుంది. సెకనుకు 120 చుట్లు. ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు; మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యోవంతు. కావలసిన గుర్తు చేతి కిందికి తిరిగి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి గదా, అది 4.2. చేయి జరిగి సరైన వరస మీద నిలవటానికి మరొక 8 మిల్లీసెకన్లు. మొత్తం 12 పైచిలుకు. కనక ఒక్కొక్క చోటికీ విడివిడిగా వెళ్ళవలసివస్తే సెకనుకు సుమారు 80 చోట్లు. అంతే.

అదే డిస్కు చేయి కదపకుండా ఒకచోటనుంచి వరసగా చదువుతూ పోతే సెకనుకు 150 మెగాబైట్లు చదవగలదు. చోటు చోటుకూ ఎగురుతూ, ఒక్కొక్కచోట 4 కిలోబైట్ల చిన్న ముక్క చదువుతూ పోతే? 80ని 4తో గుణించండి. 320 కిలోబైట్లు! డిస్కు అదే, చేయి అదే. కాని పనిలో 400 రెట్లకు పైగా తేడా.

గోదావరి మీద పంటు దాటటం చూశారా? నర్సాపురంలో ఎక్కి సఖినేటిపల్లిలో దిగటం కోనసీమవాళ్ళకు ఎరిగిన సంగతే. వందమంది ఒక్కసారి ఎక్కితే ఒక్క దాటుతో సరి. అలా కాక, ఈ రేవులో ఒకరూ ఆ రేవులో ఒకరూ పిలుస్తూ వుంటే పంటు రోజంతా నీటిమీదనే వుంటుంది. సరంగు ఒక్క క్షణం కూర్చోడు. కాని సాయంకాలం లెక్క చూస్తే దాటినవాళ్ళు కొద్దిమందే. డిస్కు చేయి ఆ పంటు వంటిదే.

ఇక పరీక్షకు వద్దాం. నిజానికి ఆ రోజు మేము పొద్దుటి తగాదాను పక్కన పెట్టి, సాయంకాలం అందరూ వెళ్ళిపోయాక మొదలుపెట్టాం. ఏమంటే, తప్పు డిస్కుదేనని ఎవరు చెప్పారు? కాలువ నిండా నీళ్ళున్నా పొలం తూము చిన్నదైతే చేను తడవదు. సర్వరునుంచి మిగిలిన కంప్యూటర్లకు పోయే కేబులు కూడా తూమే. దానిలో ఎనిమిది తీగలుంటాయి. ఎనిమిదీ బాగుంటే సెకనుకు 125 మెగాబైట్ల దాకా పోతాయి. ఎలుక ఒక తీగ కొరికినా కేబులు పూర్తిగా ఆగిపోకపోవచ్చు. వేగం తగ్గించుకుని పదోవంతుతో నడుస్తూ వుంటుంది. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు. ఎక్కడైనా కొలిస్తే సెకనుకు 11, 12 మెగాబైట్ల దగ్గర గీసినట్టు ఆగిపోతున్నదా, ముందు కేబులును చూడండి.

ఒక పెద్ద వీడియో ఫైలును సర్వరునుంచి అమ్మాయి కంప్యూటరుకు పంపాం. సెకనుకు 110 మెగాబైట్లు! అమ్మాయి ఎగిరి గంతు వేసింది. అదే ఫైలు మళ్ళీ పంపబోతే నేను ఆపాను. సర్వరు ఒకసారి చదివినదాన్ని కొంతసేపు తన జ్ఞాపకంలో వుంచుకుంటుంది. రెండోసారి అడిగితే డిస్కు దగ్గరకు వెళ్ళకుండానే ఇచ్చేస్తుంది. అప్పుడు మనం కొలిచేది డిస్కును కాదు. పరీక్ష చేసినప్పుడల్లా కొత్త ఫైలు పట్టుకోవాలి. ఇంకోటి పంపాం. అదీ 100 దాటింది. కనక కేబులు బాగున్నది. సాయంకాలం డిస్కు కూడా బాగానే వున్నది.

మరునాడు పొద్దున తొమ్మిదిన్నరకు మూడో ఫైలు పంపాం. సెకనుకు 3 మెగాబైట్లు.

సర్వరుకు తెర తగిలించి చూశాం. ఏ ప్రోగ్రాము ఏం చేస్తున్నదో చూపించే కిటికీ ఒకటి వుంటుంది. డిస్కు నూటికి నూరు పాళ్ళూ పనిలో వున్నదని అందులో కనిపించింది. "నూరు పాళ్ళూ పనిచేస్తుంటే ఇంత మెల్లగా ఎందుకు వస్తున్నదండి?" అని తండ్రి ఆశ్చర్యపోయాడు. అమ్మాయి వెంటనే, "పంటు నాన్నగారూ! ఊరికే అటూ ఇటూ తిరుగుతోంది" అన్నది.

ఎవరు పిలుస్తున్నారు ఆ పంటును? ఇద్దరు. ఒకటి, వైరసులున్నాయేమోనని ప్రతి ఫైలూ తెరిచి చూసే కాపలా ప్రోగ్రాము. రెండోది, నకలు తీసే ప్రోగ్రాము. రెండింటికీ రాత్రి పదకొండు గంటలని ఎవరో సరిగానే పెట్టారు. కాని ఈ ఇంట్లో రాత్రిళ్ళు పిడుగుల భయం. సాయంకాలం తాళం వేసేటప్పుడు సర్వరు ఆపేసి, ప్లగ్గు కూడా పీకేస్తారు. రాత్రి చెయ్యవలసిన పని తప్పిపోతే, మేలుకోగానే చెయ్యమని యంత్రానికి ఉత్తరువు వున్నది. పొద్దున మీట నొక్కగానే పాపం అది రాత్రి బాకీ తీర్చటం మొదలుపెడుతుంది. సరిగ్గా అప్పుడే ఆరుగురూ ఫొటోలు అడుగుతారు. తప్పు ఎవరిది? ప్లగ్గు పీకినవారిదీ కాదు, పదకొండు గంటలని పెట్టినవారిదీ కాదు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు, అంతే.

అంతకన్న వింత, నకలు ఎక్కడికి పోతున్నదో వెతికితే బయటపడింది. అదే డిస్కులో ఇంకొక మూలకు! చేయి ఒక మూల చదివి, రెండో మూలకు పరుగెత్తి రాసి, మళ్ళీ మొదటి మూలకు పరుగెత్తుతున్నది. మెల్లగా నడవటం సరే, ఆ నకలు వల్ల ప్రయోజనమేమిటి? దస్తావేజూ దాని నకలూ ఒకే పెట్టెలో పెట్టి పడుకున్నట్టు. పెట్టె పోతే రెండూ పోతాయి. తండ్రి ముఖంలో రంగు మారింది.

ఆ రెండు పనుల వేళా సాయంకాలం ఆరున్నరకు మార్చాం. పని కాగానే సర్వరు తనంతట తానే ఆగిపోయేటట్టు పెట్టాం. తరవాత ప్లగ్గు తీసుకోవచ్చు. కొత్త డిస్కు కొనేదాకా మూలనుంచి మూలకు తీసే నకలు మానిపించాం. మూడోరోజు పొద్దున ఆరుగురూ సంతోషంగా పనిచేశారు. కొత్త సర్వరు ప్రసక్తి ఎవరూ ఎత్తలేదు. నేను కాఫీ తాగి, ఇంటికి వెళదామని లేచాను.

"తాతయ్యగారూ, ఇంకొకటి వున్నది" అని అమ్మాయి ఒక నోటుబుక్కు తెచ్చింది.

పది రోజులుగా ఆ పిల్ల ఏ ఫైలు ఏ పూట ఎంతసేపు పట్టిందో రాసి పెట్టింది! ఫైలు పేరు, గంట, సెకన్లు, మూడు వరసలు. మొదటి పేజీలన్నీ పొద్దుటి సంగతే. కాని చివర, సాయంకాలం అంతా ప్రశాంతంగా వున్నప్పుడు కూడా, పాత ఫొటోల సంచీలో కొన్ని దగ్గర 20 సెకన్లు, 30 సెకన్లు అని వున్నది. ఎప్పుడు చూసినా అవే ఫొటోలు. "వీటి దగ్గర ఆగినప్పుడు మిగతావాళ్ళకు కూడా ఆగిపోతుందండి. టిక్కు టిక్కుమని చప్పుడు కూడా వస్తుంది" అన్నది.

నేను మళ్ళీ కూర్చున్నాను. వేళనుబట్టి వచ్చే ఆలస్యం వేరు, చోటునుబట్టి వచ్చే ఆలస్యం వేరు. ఇది రెండోది. ఇది మంచిది కాదు.

ప్రతి డిస్కూ తన ఆరోగ్యపు చిట్టా తానే రాసుకుంటూ వుంటుంది. దాని పేరు స్మార్ట్. దాన్ని చదివే ప్రోగ్రాములు ఉచితంగా దొరుకుతాయి. అందులో చాలా అంకెలుంటాయి గాని, రెండు మాత్రం చూస్తే చాలు. పాడైపోయిన అరలకు బదులు వేరే అరలు ఎన్ని వాడుకున్నదో చెప్పేది ఒకటి. చదవలేక "తరవాత చూద్దాం" అని వాయిదా వేసిన అరలు ఎన్నో చెప్పేది రెండోది. ఈ రెండోది సున్న వుండాలి. మేము చూసినప్పుడు 16 వున్నది. రెండు గంటల తరవాత 24.

చదవటం కుదరని అర తగిలితే డిస్కు వదిలిపెట్టదు. మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తుంది. ఒక్కొక్క చుట్టు 8 మిల్లీసెకన్లే అయినా వందల చుట్లు తిరిగి, సెకన్ల మీద సెకన్లు గడుపుతుంది. అంతసేపూ వెనక నిలబడినవాళ్ళంతా ఆగవలసిందే. పంటు ఇసుక మేట మీద దిగబడితే రేవులో వున్న ఎవరూ దాటలేరు గదా!

మెల్లగా నడిచే డిస్కుకు ఊళ్ళో ఒకరు మందు చెప్పి వున్నారట: ముక్కలు ముక్కలుగా వున్న ఫైళ్ళను ఒకచోటికి చేర్చి సర్దమని. ఆరోగ్యంగా వున్న డిస్కుకు అది మంచిదే. కాని సర్దటమంటే ఉన్నదంతా చదివి మళ్ళీ రాయటం. జ్వరంతో పడుకున్నవాణ్ణి లేపి ఇల్లంతా సున్నం వెయ్యమన్నట్టు! ఆదివారంనాడు ఆ పని చేద్దామని అనుకుంటున్నారు. ఆ నోటుబుక్కు మూడు రోజుల ముందు బయటికి వచ్చింది.

ఆ సాయంకాలమే రాజమండ్రినుంచి రెండు కొత్త డిస్కులు తెప్పించాం. సర్వరును ఇంకెవరూ ముట్టుకోవద్దని చెప్పి, నకలు మొదలుపెట్టాం. వరస కూడా అమ్మాయే చెప్పింది: ముందు లెక్కలు, తరవాత బిల్లులు, ఈ ఏటి ఫొటోలు, చివరికి పాత ఫొటోలు. ఎక్కడైనా ఆగితే దాన్ని వదిలేసి ముందుకు పోవాలి. మొండికేసినవాటి సంగతి ఆఖరున చూసుకోవాలి. మొత్తం 900 గిగాబైట్లు. వరసగా చదవగలిగితే రెండు గంటల పని. కాని వేలకొద్దీ చిన్న ఫైళ్ళు, రోగిష్టి డిస్కు. రాత్రి తండ్రీ కూతుళ్ళు వంతులవారీగా మేలుకున్నారు. తెల్లవారుజామున కరెంటు పోయింది. బ్యాటరీ పెట్టె వుండబట్టి పని ఆగలేదు. మరునాడు మధ్యాహ్నం మూడు గంటలకు ముగిసింది.

లెక్కల్లో ఒక్క అంకె పోలేదు. బిల్లులన్నీ వచ్చాయి. ఫొటోలలో 14 రాలేదు. పదమూడింటికి ఇబ్బంది లేదు. ఆ మొక్కలు తోటలో వున్నాయి, మళ్ళీ తీసుకున్నారు. పద్నాలుగోది, అమ్మాయి తాతగారు నందివర్ధనం చెట్టు పక్కన నిలబడిన ఫొటో. ఆయన పోయి నాలుగేళ్ళయింది. నాలుగుసార్లు ప్రయత్నించాం. నాలుగోసారి పై సగం వచ్చింది, చెట్టు కొమ్మలూ ఆకాశమూ. కింద సగం బూడిదరంగు. అమ్మాయి దాన్ని చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తరవాత దాన్ని కూడా కొత్త డిస్కులో దాచమన్నది.

పాత డిస్కు వారం రోజులలో పూర్తిగా ఆగిపోయింది.

డిస్కు కొనబోయే పెద్దలకు ఒక మాట. కొన్ని డిస్కులలో వరసలను పెంకుటింటి కప్పులాగా ఒకదాని అంచుమీద ఒకటి ఎక్కించి రాస్తారు. అలా చేస్తే తక్కువ చోటులో ఎక్కువ పడుతుంది. కాని మధ్యలో ఒక పెంకు మార్చాలంటే పైనున్న పెంకులు కూడా తియ్యాలి గదా, ఇదీ అంతే. ఎప్పుడో ఒకసారి నకలు దాచటానికి ఇవి పనికివస్తాయి. నలుగురూ పొద్దస్తమానం రాస్తూ వుండే సర్వరులో పెడితే చతికిలబడతాయి. కొన్ని రకాల డిస్కులు ఇటువంటివని ముందుగా చెప్పకుండానే అమ్మారని 2020లో బయటపడి, పెద్ద గొడవయింది. కొనేముందు, ఇది పెంకుల రకమా కాదా అని ఆ రకం వివరాలు చదివి చూసుకోండి.

మొన్న అమ్మాయి దగ్గరనుంచి మరో ఉత్తరం వచ్చింది. కొత్త డిస్కు చిట్టాలో రెండు అంకెలూ సున్నలేనట. ప్రతి శనివారం తానే చూసి నోటుబుక్కులో రాస్తున్నదట. రెండో డిస్కులో నకలు తీసి, ఆఫీసులో కాకుండా ఇంట్లో బీరువాలో పెడుతున్నారట. చివర ఇంకో ప్రశ్న రాసింది: "మా మామయ్య ల్యాప్‌టాప్‌లో డిస్కుకు పళ్ళేలూ లేవట, చేయీ లేదట. తిరిగేది ఏదీ లేకపోతే అందులో ఫొటోలు ఎలా దాక్కుంటాయి తాతయ్యగారూ?"

దాని సంగతి వచ్చే నెల చెప్పుకుందాం.